గీకితేనే గిఫ్టు

ఆ రోజుల్లో అప్పు పుట్టాలంటే మనిషికి ముఖం ఉండాలి. కిరాణా కొట్టాయన ముందు ముఖం చూసేవాడు, తర్వాత ఆ ముఖం ఎవరి కొడుకుదో కనుక్కునేవాడు, ఆ తండ్రి పాత బాకీ తీర్చాడని గుర్తొచ్చాక గానీ కందిపప్పు పొట్లం కట్టేవాడు కాదు. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి, ముఖంతో గానీ తండ్రితో గానీ నిమిత్తం లేకుండా, జేబులో పట్టే ప్లాస్టిక్ ముక్కని చూసి అప్పిచ్చే నాగరికత మా తెనాలికి కూడా వచ్చింది. ఆ నాగరికతని ఇంటింటికీ మోసే భారం, డిగ్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఇంట్లో వేళకి భోంచేస్తూ మధ్యలో టిఫిన్ విషయంలో కూడా మొహమాటపడని నా భుజాల మీద పడింది. దేశానికి నాకంటే మంచివాడు దొరకలేదు పాపం.

బోసు రోడ్డులో మందుల షాపు మీద ఒక గది, గదిలో ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కింద మా మేనేజరు. ఇదీ ఆఫీసు. ఎక్కడో హైదరాబాదులో ఉన్న బ్యాంకు తరఫున క్రెడిట్ కార్డులకి జనాన్ని చేర్పించే ఏజెన్సీ అది. నాకొక టై ఇచ్చారు (మే నెల ఎండలో టై కట్టుకుని నడిచేవాణ్ణి మా ఊళ్ళో కుక్కలు కూడా అనుమానంగా చూసేవి). మూడు నెలలు ట్రైనీ. మూడో నెలాఖరుకి చెప్పినన్ని కార్డులు పూర్తిచేస్తే పర్మినెంటు, ఒక్కటి తగ్గినా టై వెనక్కిచ్చి ఇంటికి పోవాలి. ఈ షరతుకి మా నాన్న ఇంకో షరతు తగిలించాడు. "పర్మినెంటు అయితే మంచిదే. అవకపోతే ఒకటో తారీకు పొద్దున్నే కొల్లిపర బస్సెక్కు. మీ మావయ్య ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

మావయ్యంటే మా అమ్మకి అన్నయ్య. కొల్లిపరలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఆ కొట్లో గంటసేపు కూర్చుంటే ఆ వాసన రాత్రి పెరుగన్నంలో కూడా తగిలేది. పైగా "ఇంట్లో పిల్లాడికి జీతమేంటి, వింతగా" అనేది ఆయన సిద్ధాంతం. డిగ్రీ చదివి, టై కట్టి, చివరికి యూరియా బస్తాల పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడమా? అంతకంటే కాలవలో దూకడం నయమనుకున్నాను (ఎండాకాలం కదా, కాలవలో మోకాలి లోతు కూడా నీళ్ళు లేవు, ఆ సంగతి చూసుకునే అనుకున్నాను).

ఇక సరుకు గురించి చెప్పాలి. మా దగ్గర రెండు రకాల కార్డులుండేవి. మొదటి రకంలో చేరితే ఖాతాదారుడికి చక్రాల సూట్‌కేసు బహుమతి. చేర్పించినందుకు నాకొచ్చే కమీషన్ మాత్రం ఒక టీకీ ఒక సమోసాకీ సరిపోయేది. రెండో రకంలో చేరినవాడికి గోడ గడియారం ఇచ్చేవారు, నాకు మాత్రం కమీషన్ దండిగా ఉండేది. గోడ గడియారం మనిషి బతుక్కి ఎంత ముఖ్యమో నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసొచ్చింది. బాపట్లలో లెక్చరరుగా ఉన్న మా బాబాయి సూట్‌కేసు కావాలని ముచ్చటపడితే, "పెట్టె ఏడాదికోసారి దించుతాం బాబాయ్, గడియారం రోజంతా పనిచేసిద్ది" అని గంటసేపు బోధించి గడియారం కార్డులో చేర్పించాను. ఆయన నన్ను పైకొచ్చే కుర్రాడని మెచ్చుకుని ఆ కాలేజీలో మరికొందరికి పరిచయం చేశాడు. రేపల్లెలో టీచరుగా చేసే మా పిన్ని తన స్కూలు మొత్తాన్నీ నాకు అప్పజెప్పింది. వాళ్ళందరికీ కూడా కాలం విలువ తెలియజేశాను.

రెండో నెలలో మేనేజరు పూతరేకులు పంచాడు. కంపెనీ మా కష్టాన్ని గుర్తించి కమీషన్ పెంచిందట. అదే కాగితం అడుగున, ఇకనుంచి, ఇంకా గిఫ్టు అందని పాతవాళ్ళతో సహా అందరికీ, గడియారం బదులు కీచైన్ ఇస్తారని ఉంది. "ఈ రెండింటికీ ఏమన్నా సంబంధం ఉందాండి?" అని అడిగాను. "పూతరేకు తిను" అన్నాడు. తిన్నాను.

ఆ సంబంధం ఏంటో కొల్లిపరలో తెలిసింది. మావయ్యని కూడా చేర్పిద్దామని వెళ్ళి, బస్తాల మధ్య నిలబడి, కీచైన్ గొప్పతనం మీద నాకొచ్చిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"నీకెంతొచ్చిద్దిరా?"

కమీషన్ పెరిగిన సంగతీ, గడియారం పోయిన సంగతీ చెప్పేశాను. మా వైపు ఇన్సూరెన్సు ఏజెంటు తన కమీషన్లోంచి మొదటి వాయిదా తనే కట్టడం ఆచారం. అడగడం తప్పూ కాదు, ఇవ్వడం దానమూ కాదు. అంచేత ఇలాంటి ప్రశ్న మా వాళ్ళు కుశలప్రశ్నంత తేలిగ్గా అడుగుతారు. మావయ్య తన చేతి గడియారం నా ముఖం ముందు పెట్టాడు. "చూశావా? వాళ్ళ మందు ఎక్కువ అమ్మానని కంపెనీవాడు ఇచ్చాడు. వాడి తాత సొమ్మనుకున్నావా? రైతుకి తగ్గించాల్సిన రేటులోంచి తీసి నా చేతికి కట్టాడు. నీ సంగతీ అంతే. మీ బాబాయి గడియారం నీ జేబులోకొచ్చింది, ఆయనకి తాళంచెవుల గొలుసు మిగిలింది." ఇంత తెలిసినవాడు నన్ను బయటికి గెంటుతాడనుకున్నాను. సంతకం పెట్టాడు. "తీసుకుంటాలే. వాడతానని మాత్రం చెప్పలా" అన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ సాయంత్రమే బాపట్లకీ రేపల్లెకీ ఫోన్లు చేసి, "ఏజెంటుకి ఎంతొచ్చిద్దో అడిగి మరీ చేరండి" అని లోకోపకారం చేశాడు. మర్నాడు పిన్ని ఫోను. "ఏరా నాన్నా, మా టీచర్లందరికీ తలా ఒక స్టీలు డబ్బా ఇస్తున్నావంటగా." ఇస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. బాబాయి ఏమీ అడగలేదు, పెద్దమనిషి. వచ్చే నెల తిరుపతి వెళ్తున్నామనీ, ఇంట్లో సరైన పెట్టె లేదనీ మాత్రం అన్నాడు. అలా కంపెనీ ఖాతాదారుడి దగ్గర్నుంచి తీసి నాకిచ్చినదాన్ని నేను మళ్ళీ ఖాతాదారుడికే తీసుకెళ్ళి ఇచ్చాను, దారిలో బస్సు ఛార్జీ నేనే పెట్టుకుని. ఆర్థికశాస్త్రంలో నాకు అత్తెసరు మార్కులు ఎందుకొచ్చాయో కూడా అప్పుడే అర్థమైంది.

అయినా కార్డుల సంఖ్య నిండింది, ఇక పర్మినెంటే అనుకుని నేను కాలరెగరేస్తున్న సమయంలో మేనేజరు మరో సంగతి బయటపెట్టాడు. కార్డు ఇంటికొస్తే లెక్కలోకి రాదు. నెలాఖరులోపు దాన్ని ఒక్కసారైనా ఏదైనా షాపులో గీకాలి. గీకితేనే నాకు లెక్క, గీకితేనే వాళ్ళకి గిఫ్టు. మా వాళ్ళు ఆ కార్డులతో ఏం చేశారో నాకు బాగా తెలుసు. బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టి తాళం వేశారు. వాడమని పిన్నిని బతిమాలితే ఆవిడ నిజంగా నొచ్చుకుంది. "దాచుకోడానికి ఇచ్చావనుకున్నాను. నాతో అప్పు చేయించడానికా?" అంది.

గీకే మిషను అప్పట్లో వెతుక్కుంటే గానీ కనపడేది కాదు. బట్టల షాపాయన నూటికి ఇంతని అదనంగా పడుద్దన్నాడు. బంగారం కొట్లో వంద రూపాయలకి ఏమన్నా వచ్చిద్దా అనడిగితే మంచినీళ్ళిచ్చి పంపారు. చివరికి అంగలకుదురు అవతల ఒక పెట్రోలు బంకులో దొరికింది. ఆ నెలాఖరు నా అదృష్టం కొద్దీ ఆదివారం వచ్చింది. అందరూ రావాలి, తలా వంద రూపాయల పెట్రోలుకి కార్డు గీకాలి, ఆ వంద నేను అక్కడికక్కడే చేతిలో పెడతాను. పథకంలో లోపం లేదు. బాపట్ల నుంచి లెక్చరర్లు, రేపల్లె పాసింజర్లో టీచర్లు టిఫిన్ క్యారియర్లతో సహా దిగారు, తెనాలిలో నేను చేర్పించినవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చారు. బంకు కుర్రాడు పెట్రోలు గొట్టం పట్టుకుని ఆ సైకిళ్ళ వరస వంక చూసి, చాలా మర్యాదగా, "ఎక్కడ పొయ్యమంటారండి?" అనడిగాడు.

అంతమందిలో పెట్రోలు తాగేది నా పాత బండి ఒక్కటే. నాలుగో కార్డుకి దాని కడుపు నిండింది. ప్లాస్టిక్ డబ్బాల్లో, సీసాల్లో పొయ్యనన్నాడు కుర్రాడు. నా ముక్కుకి అప్పుడే యూరియా వాసన కొడుతోంది. అప్పుడు పిన్ని చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని రోడ్డుకి అడ్డంగా వెళ్ళి ఒక స్కూటరాయన్ని ఆపింది. "బాబూ, నీ పెట్రోలు డబ్బులు నా చేతికియ్యి. బంకుకి నేను కార్డు గీకుతాను" అంది. ఎంత గొప్ప ఆలోచన. ఆయన పిన్నిని, టీచర్లని, నా టైని ఒకసారి చూసి, స్కూటరు ఆపి, నింపాదిగా అడిగాడు.

"ఇందులో మీకెంతొచ్చిద్దండి?"

రోడ్డున పోయేవాడికి కూడా తెలిసిపోయింది. ఇక దాచేదేముంది? నూటికి పదేసి రూపాయలు తగ్గించి, ఆ పది నేను పెట్టుకుని, వచ్చిన ప్రతి బండినీ పట్టుకున్నాం. మిషను ఫోను లైను మీద నడిచేది, ఒక్కో కార్డుకి కాసేపు కూని రాగం తీసి గానీ కాగితం ఊడిపడేది కాదు. లెక్చరర్లు చెట్టుకింద దేశ ఆర్థిక పరిస్థితి మాట్లాడుకున్నారు, టీచర్లు నాకు పులిహోర పెట్టారు. సాయంత్రానికి అందరూ గీకేశారు. అందరికీ లాభమే. బ్యాంకుకి కార్డు, కార్డుకి కీచైన్, కీచైన్‌కి తోడు డబ్బా, స్కూటర్లకి తగ్గింపు. నష్టపోయినవాడు ఎవడో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. లెక్క చూసుకుంటే ఒక్క కార్డు తగ్గింది. అది మావయ్యది.

పొద్దు వాలుతుండగా ఆయన బస్సు దిగాడు, చేతిలో పురుగుమందు కొట్టే మిషన్‌కి పెట్రోలు పట్టుకెళ్ళే ఇనప డబ్బాతో. ప్రాణం లేచొచ్చి ఎదురెళ్ళాను. ఆయన డబ్బా కింద పెట్టి, కార్డు జేబులోనే ఉంచుకుని నిలబడ్డాడు.

"నేను గీకితే నీకు ఉద్యోగం, నాకు గొలుసు. గీకకపోతే నాకు రేపట్నుంచి కొట్లోకి మనిషి. ఏది లాభమో నువ్వే చెప్పు."

"మరెందుకొచ్చావు మావయ్యా?"

"బేరానికి. నీకోసం ఆదివారంపూట కొట్టు కట్టేసి వచ్చా. ఇకనుంచి ఆదివారాలు నువ్వు తియ్యి. జీతం మాత్రం అడగమాక."

"ఎన్నాళ్ళు?"

"నాకీ కార్డు ఉన్నన్నాళ్ళు."

ఒప్పుకున్నాను. మిషను రాగం తీసింది, కాగితం వచ్చింది, నేను ఆ కుర్రాడి ముందే ఏడ్చేశాను. పెట్రోలు ఘాటుకని చెప్పాను.

పర్మినెంటయ్యాను. ఆ పర్మినెంటు రెండేళ్ళు నిలిచింది. జనం గీకడం నేర్చుకున్నారు గానీ కట్టడం నేర్చుకోలేదని బ్యాంకు ఏజెన్సీ ఎత్తేసింది, టై నాకే వదిలేసింది. ఆ వచ్చిన సోమవారం కొల్లిపర బస్సు దిగి కొట్టు ముందుకెళ్ళేసరికి, నా ఆదివారం స్టూలు తీసేసి దాని స్థానంలో చేతుల కుర్చీ వేసుంది. రేట్లన్నీ అప్పటికే నాకు నోటికొచ్చు, రైతులందరూ నన్ను పేరుపెట్టి పిలుస్తున్నారు, వాసన తెలియడం మానేసి చాలాకాలమైంది. మొదటి నెల మావయ్య నా చేతిలో జీతం కూడా పెట్టాడు, సిద్ధాంతం పక్కనపెట్టి.

ఇప్పుడు కొట్టు నాదే. మావయ్య పొద్దున పూట వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు, ఆ వాచీ పెట్టుకునే. మొన్న ఒకమ్మాయి ఫోను చేసి, "సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డు సార్, గిఫ్ట్ పాయింట్లు కూడా వస్తాయి" అని మొదలెట్టింది. నాకు నోరూరింది. "నీకెంతొచ్చిద్దమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి చిన్న గొంతుతో, "నెలాఖరండి. ఇంకొక్కటే కావాలండి" అంది. ఏ పాయింట్లూ అడక్కుండా సరేనన్నాను. నంబరు చెప్పడానికి పాన్ కార్డు కోసం గల్లాపెట్టె సొరుగు లాగితే, అడుగున మావయ్య పాత కార్డు కనపడింది, కీచైన్‌తో సహా. ఆ బ్యాంకే ఇప్పుడు ఆ పేరుతో లేదు, కార్డు గడువు తీరి ఏళ్ళయింది.

"ఇదింకా ఎందుకు మావయ్యా, పారేద్దామా?" అన్నాను.

"ఉంచు" అన్నాడాయన, రోడ్డు వంక చూస్తూనే. "అది పోతే నువ్వు ఆదివారాలు రావుగా."

సొరుగు మూసేశాను. ఆ అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది.