మంటకని దాచిన నీళ్ళు

మా మేనత్త పోయిందన్న సంగతి బొగ్గుబస్సు డ్రైవరు చెప్పాడు. తిరుపతిలో నేను పనిచేసే బడికి పోతూ బస్టాండు దాటుతుంటే, నన్ను చూసి తల బయటికి పెట్టి, "సారూ, మీయత్త పొద్దున పోయిందంట. ఈ బండే తిరిగి పోతాది, ఎక్కండి" అన్నాడు. ఎక్కాను. మిట్ట వచ్చినచోటల్లా బస్సు ఆగేది, క్లీనరు దిగి బండి వెనక పొయ్యిలో బొగ్గు కుదిపేవాడు. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. ఆమె తరఫున నేను అలిసిపోయినట్టు అనిపించింది.

పాఠకులకు ఆమె తెలిసే అవకాశం లేదు. చిత్తూరు దారిలో ఒక చిన్న ఊరు, అందులో చెరకాకు కప్పుల ఇండ్ల వీధి, ఆ వీధి చివర ఆమె. పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. ఒక పాడియావును పెట్టుకుని పాలు పోసుకుని బతికేది. కోపం జాస్తి. అన్నం పెట్టేటప్పుడు కూడా తిడుతూనే పెట్టేది.

యుద్ధం మొదలైన కొత్తలో, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఆ వీధికి నిప్పంటుకుంది. ఎవరి పొయ్యిలోంచి లేచిందో ఇప్పటికీ తెలియదు. ఊళ్ళో అప్పటికే పంచాయతీ బోర్డు వారి వాటర్ ట్యాంకు ఉంది, వీధికో కొళాయి ఉంది. ఆడవాళ్ళు బిందెలతో కొళాయి దగ్గరికి పరుగెత్తారు. తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. నీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తాయి. మధ్యాహ్నం ట్యాంకు ఖాళీ. బావి నుంచి నీళ్ళు వచ్చేసరికి వీధి బూడిదయింది. అత్త ఆవు కట్టుకొయ్య దగ్గరే కాలిపోయింది. దాని అరుపు గురించి ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ సగంలో ఆపేసింది.

ఆ తర్వాత ఆమెకు ఒకటే పని. బోర్డు మీటింగు ఉన్నప్పుడల్లా, మంటల్లో నల్లబడిన రాగిబిందెను చంకన పెట్టుకుని వెళ్ళి, ఆఫీసు వరండాలో మెంబర్లు దాటుకుంటూ పోయేచోట పెట్టి కూర్చునేది. అర్జీలు నేను రాసేవాణ్ణి. ఒకసారి ఆమెతో నేనూ ఉన్నాను. ప్రెసిడెంటుగారు మంచిమాటగానే చెప్పారు.

"అమ్మా, బోర్డు నీళ్ళిచ్చేది తాగేదానికి. మంటలార్పేదానికి ఇయ్యాలని యాడా రాసిలేదు."

"రాసేది మీరే గదప్పా! ఇంగొక్క వరస రాయండి. ఊరికి నీళ్ళిచ్చేవోళ్ళు మంటకు గూడా నీళ్ళు పెట్టి తీరాల. అంతే. సిరా లేకుంటే సెప్పండి, నేను తెచ్చిస్తా."

మెంబర్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నాలుగేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి ఒక ఎండాకాలం ప్రెసిడెంటుగారి గడ్డివామే తగలబడింది. ఆ నెలలోనే తీర్మానం పాసయింది! ట్యాంకులో కొళాయిలకు పోయే గొట్టాన్ని పైకి జరిపించారు. దాంతో వీధులకు ఎంత వదిలినా అడుగున కొంత నీరు మిగిలి ఉంటుంది. ఆ అడుగునీళ్ళకు వేరే లావు గొట్టం వేసి, అత్త ఇంటి ఎదురుగా తేల్చి, తిప్పడానికి ఒక ఇనుప చక్రం బిగించారు. చక్రానికి తాళం వేస్తామంటే అత్త ఒప్పుకోలేదు. "ఇండ్లు కాలతావుంటే తాళంసెవికి ఎవురింటికని పోవాల?" అంది.

తాళం లేదు కాబట్టి కాపలా ఆమే అయింది. రోజూ పొద్దున ముఖం కడుక్కోగానే కొంగుతో ఆ చక్రం దుమ్ము తుడిచి, తుప్పు పట్టకుండా ఇంత ఆముదం పూసేది. తర్వాతే కాఫీ.

గెలిచింది కదా అని మేమంతా అనుకున్నాం. మరుసటి ఏడే వానలు మొహం చాటేశాయి. ట్యాంకుకు నీళ్ళెక్కించే ఇంజనుకు నూనె కంట్రోలు, కొళాయి నీళ్ళు ధారగా రావడం మాని బొట్టుబొట్టుగా రాసాగాయి. ట్యాంకు అడుగున నీళ్ళున్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. మొదట పక్కింటావిడ వచ్చింది. చంకన ఒకడు, చెయ్యి పట్టుకుని ఇంకొకతె. అప్పుడు సెలవుల్లో నేను అక్కడే ఉన్నాను.

"వదినా, బిడ్డల గొంతులు ఎండిపోతా ఉండాయి. ఒక్క బిందె తిప్పుకుంటా."

"వద్దు."

"రాని మంటకు నీళ్ళు దాసి, వచ్చిన దప్పికకు లేదంటావా? నీ ఆవు కాలిందని మా బిడ్డలు సావాల్నా?"

అత్త ముఖం నల్లబడింది. తిట్టే మనిషి ఆ రోజు తిట్టలేదు. నల్లబిందె తీసుకుని ఎండలో రైలుకట్ట దాటి, మోటబావి నుంచి నీళ్ళు తెచ్చి, పక్కింటావిడ కుండలో పోసి, మళ్ళీ వెళ్ళి తనకు తెచ్చుకుంది. "దప్పికైనోళ్ళు బాయి కాడికి నడిసిపోతారు. కాలే ఇల్లు యాడికి పోతాదిరా?" అని నాతో అంది. నాతోనే ఎందుకందో, ఆమెతో ఎందుకు అనలేదో! పక్కింటావిడ ఆ నీళ్ళు తీసుకుంది గానీ ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. వీధిలో సగంమంది మాట్లాడలేదు.

ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏడు మంట రాలేదు. తర్వాతా రాలేదు. కిందటి ఉగాదికి వెళ్ళినప్పుడు, ఊరకే అడిగాను, ఇదంతా ఎందుకత్తా అని.

"మంట రాకుంటే మంచిదే గదరా. అలిసిపోయినాను నాయనా. వాళ్ళు తిడితే గూడా బాధ లేదు. నాకే ఒక్కోతూరి లేసిపోయి ఆ చక్రం తిప్పేద్దామనిపిస్తాది." చక్రం వైపు చూసి, "తిప్పలేదులే" అంది.

నేను చేరేసరికి ఆమెను తిన్నె మీద పడుకోబెట్టారు. మళ్ళీ ఎండాకాలమే. నూనె దొరక్క ఇంజను ఆగి, కొళాయిలు ఎండిపోయి ఉన్నాయి. స్నానం చేయించాలి, ఇంట్లో నీళ్ళు చాలవు. పలమనేరు నుంచి వచ్చిన మా దూరపు బంధువు ఒకాయన ఎదురుగా ఉన్న చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఈడ ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఎదురుసూసేదేంది? ఆమె సాధించిన నీళ్ళే గదా."

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అదే సబబు అనిపించింది. పక్కింటి తలుపు తెరుచుకుంది.

"సెయ్యి తియ్యప్పా" అంది పక్కింటావిడ.

ఆయన ఏదో అనబోయాడు.

"నా బిడ్డలకే ఇయ్యలా ఆమె. ఇప్పుడు తనకు పోస్తే ఊరుకుంటాదా?"

అని అత్త ఇంట్లోకి వచ్చి, మూలనున్న నల్లబిందె చంకన పెట్టుకుని రైలుకట్ట వైపు నడిచింది. కాసేపటికి వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బిందెలతో ఆమె వెనకాల వెళ్ళారు. మూడేళ్ళుగా అత్త గడప తొక్కనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆ మోటబావి నీళ్ళతోనే ఆమెకు స్నానం జరిగింది. అప్పుడు ఏడ్చాను నేను.

మరునాడు శ్మశానంలో పాలు పోసి, ఇంటికి తాళం వేసి బస్సుకు బయలుదేరాను. వీధి ఇంకా పూర్తిగా లేవలేదు. గొట్టం దగ్గర పక్కింటావిడ గొంతుక్కూర్చుని ఉంది. పలమనేరు ఆయన చేతి వేళ్ళ గుర్తులు చక్రం మీది దుమ్ములో ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె వాటిని కొంగుతో తుడిచింది. పక్కన చిన్న గిన్నెలో ఆముదం ఉంది.