కట్టుబట్టల మీద నీళ్లు

మా చిన్నాయన గురించి నేను బడిలో పిల్లలకు అబద్ధాలు చెప్పేవాణ్ణి. బర్మా అడవుల్లో జపాన్ వాళ్ల మీద తుపాకి పేల్చాడనీ, ఒంటరిగా కొండెక్కి శత్రువుల జెండా పీకేశాడనీ చెప్పేవాణ్ణి. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. నిజానికి ఆయన గురించి నాకు తెలిసింది కొంచెమే. నా చిన్నప్పుడు వానలు పడని ఒక ఏడాది, మా నాయన తమ్ముడైన ఆయన ఎద్దును అమ్మడానికి కర్నూలు సంతకు పోయాడు. ఎద్దును అమ్మి, దుడ్లు మా ఊరివాళ్ల చేతికిచ్చి ఇంటికి పంపి, తాను మిలిటరీ లారీ ఎక్కాడు. యుద్ధం అయిపోయింది. తెల్లవాళ్లు పోయారు. కర్నూలు రాజధాని కూడా అయింది. ఆయన మాత్రం రాలేదు.

ఇంట్లో ఆయన భార్య, మా చిన్నమ్మ ఉండేది. చెల్లెల్ని కని మా అమ్మ చనిపోతే మా ఇద్దర్నీ పెంచింది ఆమే. ఆమెకు పిల్లల్లేరు. ఓర్వకల్లు గుట్టల పక్కన మా ఊళ్లో ఆమె నోటికి భయపడనివాళ్లు లేరు. అయినా ఎవరింట్లో పెండ్లి జరిగినా పసుపు దంచే రోట్లో మొదటి రోకటి పోటు ఆమెదే కావాలనేవాళ్లు. ఆమె చేతి నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. మొగుడు పోయినట్టు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె ముత్తైదువే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి ఎప్పుడు చనిపోయినా సరే, ఇంటివాళ్లు ఆ కబురు విన్న దినమే చావు దినం. సూతకం అప్పటినుంచే మొదలవుతుంది. బయట ఎక్కడైనా కబురు విన్నవాడు అట్లే గడప దాటకూడదు. వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గర కట్టుబట్టలతోనే తల మీద నీళ్లు పోసుకుని లోపలికి రావాలి. చదువుకుని వచ్చాక ఇలాంటివాటిని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

కర్నూలులో ట్రైనింగు అయి పంతులుగా వచ్చినప్పటినుంచి ఆమెకూ నాకూ పడేది కాదు. నలుగురి ముందు ఆమె మాటల్ని నేను సరిదిద్దేవాణ్ణి. "ఉండాది కాదు చిన్నమ్మా, ఉంది" అనేవాణ్ణి. "నీ నోట్లో ముద్ద పెట్టినప్పుడు ఈ మాటతోనే పెట్టినా గదరా. అప్పుడు మింగితివే" అనేది. నాకు అన్నం పెట్టిన మనిషిని చూసి నేను సిగ్గుపడ్డాను. ఆమెకు అది తెలుసు. అందుకే నా గొడుగునీ, బూట్లనీ, నా నడకనీ ఒక్కటి వదలకుండా వెక్కిరించేది.

చెల్లెలికి సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకున్న రోజు, పెండ్లికి పసుపు ఎవరు దంచుతారన్న మాట వచ్చింది. "ఇంగెవురు? నేనే" అంది చిన్నమ్మ. పెండ్లికొడుకు మేనత్త ఆకు నమలడం ఆపి ఆమె గాజులకేసి చూసింది.

"నీ మొగుడు యాడుండాడమ్మా?"

"మిలిట్రీలో."

"యుద్ధం అయిపోయి ఇన్నేండ్లాయ గదా. యాడ మిలిట్రీ?"

"నీ మొగుడు ఇంట్లోనే ఉండాడు గదా, ఆయప్ప ఏం చేస్తాండాడని నేనడిగినానా?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేనత్త నవ్వలేదు. మా నాయన వైపు తిరిగి, "ఉండాడో లేడో తెలియని మొగునికి పెండ్లాం దంచిన పసుపు మా పిల్లోనికి వద్దు. ఏదో ఒగటి తేల్చుకోండి" అంది. నాయన తల దించుకున్నాడు.

ఆ రోజు నేను చిన్నమ్మ పక్కన నిలబడి ఒక్క మాట అనివుంటే సరిపోయేది. చెల్లెలు నాకేసి చూసింది కూడా. నేను మాట్లాడలేదు. నాకు ఆ మేనత్త మీద కంటే చిన్నమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది, కొత్త బంధువుల ముందు మా పరువు తీసిందని. తేలుద్దాం, అనుకున్నాను. చిన్నాయన బతికుంటే పట్టుకొస్తాను. లేదంటే వీరుడిగా చచ్చిపోయాడని చెప్పుకోవచ్చు. రెంటిలో ఏదైనా నాకు గొప్పే.

నేను బయలుదేరుతుంటే చెల్లెలు సంచి పట్టుకుని ఆపింది. "నాకు చిన్నమ్మ చేతి పసుపే కావాల. వాళ్లొద్దంటే ఈ పెండ్లే వద్దు. నువ్వు పోవద్దన్నా" అంది. చిన్నమ్మ వంటింట్లోంచి, "పోనీలే పాపా. బడిలో చెప్పేదానికి కొత్త కత కావాలంట దొరకి" అని కేకేసింది. ఆ మాటతో నేను ఆగలేదు.

అప్పుడు కర్నూలులో చాలా ఆఫీసులు గుడారాల్లో ఉండేవి. సిపాయిల వివరాలు చూసే గుడారం ఏదో తెలుసుకోవడానికే ఒక పూట పట్టింది. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే, "పటాలం పేరు?" అన్నాడు. తెలియదన్నాను. "నంబరు?" తెలియదన్నాను. "మీకు ఇన్నేళ్లుగా గుర్తురాని మనిషిని నన్ను ఈ రోజు గుర్తుపెట్టుకోమంటారా?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. అతని మీద అరిచి బయటికి వచ్చాను. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

బయట ఒక జట్కా సాయిబు నా అరుపులు విన్నాడు. అతనూ మిలిటరీలో పనిచేసి వచ్చినవాడే. కర్నూలు సంతలో లారీ ఎక్కినవాళ్లలో చాలామందిని రోడ్లేసే దళాలకు పంపారనీ, అలా పోయివచ్చిన ఒకాయన ఎర్రగుంట్ల దగ్గర బండల గనిలో పనిచేస్తున్నాడనీ చెప్పాడు.

గనిలో ఎండకు తెల్లటి దుమ్ము మండుతోంది. ఆయన గునపంతో బండ పొరల మధ్య సందు చేస్తున్నాడు. మా చిన్నాయన పేరు, ఊరి పేరు చెప్పాను. గునపం ఆపలేదు.

"నువ్వెవురప్పా?"

"ఆయన అన్న కొడుకును. బడిలో అయివారిని."

"ఇన్నేండ్లు యాడికి పోయినావు అయివారూ?"

"అన్నా, ఆయన ఉన్నాడా లేడా చెప్పండి చాలు" అన్నాను.

ఆయన గునపం బండకు ఆనించి, మెడ తుడుచుకున్నాడు. "మిలిట్రీ నుంచి ఇడిసిపెట్టినాక నేను మీ ఊరికి వచ్చినా, తెలుసునా? ఊరి బయట శెనక్కాయ బుడ్డల చేన్లో ఒకామె కలుపు తీస్తాండాది. నా పెట్టె చూసి, గుడ్డలు చూసి, యాడనుంచి అని అడిగె. బర్మా అంటి. ఫలానా వాళ్ల ఇల్లు యాడ అంటి. ఆ యమ్మ చెయ్యి అడ్డం పెట్టె. 'చెప్పొద్దు. నోరు తెరిస్తివా, ఈ కొడవలితో నాలిక కోస్తా' అనె. శానాసేపు నన్నట్లే చూసె. ఇంగ మూట ఇప్పి నాకు సంగటి పెట్టి, నీళ్లిచ్చి, 'నువ్వు రాలేదు, నేను ఇనలేదు. పో' అనె. తిన్నా, వచ్చేసినా."

"అయితే ఆమెకు..."

"ఆమెకు తెలుసప్పా. ఇనలేదు, అంతే. నువ్వు గూడా ఇనకుండా పో. ఎండకు వచ్చినావు, నీళ్లు తాగి పో."

అది విన్నాక ఎవరికైనా తిరిగి రావాలనిపిస్తుంది. నేను రాలేదు. ఆఫీసులో నవ్వులు, మేనత్త చూపు, బడిలో చెప్పిన కతలు అన్నీ నా తలలో తిరుగుతున్నాయి. "ఇంత దూరం వచ్చాను. చెప్పాల్సిందే" అన్నాను. ఇంకోసారి అడిగాను. మూడోసారి గొంతు పెంచి అడిగాను.

ఆయనకు కోపం వచ్చింది. "ఇను అయితే. తుపాకి లేదు, ఏమీ లేదు. మా చేతికి తట్ట ఇచ్చినారు. కొండలో రోడ్డుకు కంకర పోసినాము. మీ చిన్నాయన నెత్తురు విరేచనాలు పట్టుకుని పోయినాడు. రోడ్డు పక్కనే పూడ్సినాము. తర్వాత ఆ రోడ్డునే వెడల్పు చేసినారు. సాల్నా? ఇంగ పో ఈన్నుంచి."

నీళ్లు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

బస్సులో కూర్చున్నంతసేపు ఒకటే అనుకున్నాను, చెప్పకూడదని. కనబడలేదు అంటే సరిపోతుంది. పెండ్లివాళ్లకు ఎలాగో సర్దిచెప్పొచ్చు. ఆ నిర్ణయంతో ఊరి దగ్గర దిగాను. చేలగట్ల మీద నడుస్తుంటే నా మీద నాకే కొంచెం గౌరవం కూడా కలిగింది.

మా వాకిట్లో ఆడవాళ్లు చేరి ఉన్నారు. చాపల మీద పసుపు కొమ్ములు. చిన్నమ్మ అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని కొమ్ములు ఏరుతోంది. నన్ను చూడగానే గొంతెత్తింది.

"వచ్చెనమ్మా మిలిట్రీ దొర! గుర్రం యాడ కట్టేసినావు కొడకా? మీ చిన్నాయన జెండా పీకిన కొండ కనబడెనా?"

బడి కతలు ఊరంతా తెలుసని నాకప్పుడు అర్థమైంది. అందరూ విరగబడి నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది.

"రేయ్, బూట్లకు దుమ్ము జూడు. యుద్ధం నువ్వే చేసినట్లుండావు గదరా."

నేను అరుగు దాకా పోలేదు. పక్కకు తిరిగి తొట్టి దగ్గరికి నడిచాను. బూట్లు విప్పాను. చెంబు ముంచి, చొక్కా పంచెతోనే తల మీద పోసుకున్నాను. మళ్లీ ముంచి పోసుకున్నాను.

నవ్వు ఆగిపోయింది.

చేతులు అలవాటుగా ఆ పని చేశాయనీ, పద్ధతి ఒంట్లో ఇంకిపోయి ఉంటుందనీ తర్వాత నాయనకు చెప్పాను. ఏళ్ల తరబడి నాకూ అదే చెప్పుకున్నాను. అది నిజం కాదు. మొదటి చెంబు పోసుకుంటూ నేను ఆమె ముఖం చూశాను. అది ఎలా మారుతుందో చూడాలని చూశాను. ఒక్క మాట కూడా అనకుండా ఆమె నోరు మూయించే దారి ఆ ఒక్కటే ఉందని నాకు తెలుసు.

ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు లేచారు. చాప మీద ఉన్న పసుపు ముట్టుకోకుండా, దాని చుట్టూ తిరిగి బయటికి నడిచారు. చిన్నమ్మ చేటను ఒళ్లోంచి కిందికి దించింది. చేతులకు అంటిన పసుపును చాలా మెల్లగా చీరకు తుడుచుకుంది.

"పాప పెండ్లి అయ్యేదాకా ఆగలేకపోతివి గదరా" అంది.

అరవలేదు. ఆమె అరవకపోవడం అదే మొదటిసారి.

దినాలు జరిగాయి. గాజులు పగలగొట్టారు. పెండ్లికొడుకు మేనత్త వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చింది. చిన్నాయన ఎట్లా పోయాడని బంధువులు అడిగితే, తుపాకి దెబ్బకు అన్నాను. అంత జరిగినా నా నోటికి బుద్ధి రాలేదు. చిన్నమ్మ మాత్రం ఏమీ అడగలేదు, అప్పుడూ, ఆ తర్వాతా. కంకర తట్ట సంగతి, రోడ్డు సంగతి ఆమె వినాలనుకున్నదో లేదో నాకు తెలియదు. చెప్పే అర్హత నాకు లేకుండా పోయింది.

పెండ్లి ఇంకో ముహూర్తానికి జరిగింది. పెండ్లి వద్దని చెల్లెలు పట్టుబట్టింది. చిన్నమ్మే తిట్టి ఒప్పించింది. పసుపు దంచే రోజు మొదటి పోటు మేనత్త వేసింది. చిన్నమ్మ గింజల గదిలో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంది. కాసేపటికి లోపల్నుంచి ఆమె గొంతు వినబడింది. "రోకలి ఆ మాదిరి ఏటవాలుగా ఎయ్యొద్దండి, కొమ్ములు ఎగిరిపోతాయి." మేనత్త ముఖం ఎర్రబడింది. అయినా రోకలి నిటారుగా పట్టుకుంది.

చెల్లెలు నలుగు ఒంటితోనే లేచి గింజల గదిలోకి పోయింది. తలుపు సందులోంచి నాకు కనబడింది. చెల్లెలు కౌగిలించుకోబోతే, చిన్నమ్మ తన తెల్ల చీరకు పసుపు అంటకుండా గోడకు ఒదిగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. చెల్లెలు బయటికి వస్తూ నా పక్కనుంచే పోయింది. అత్తగారింటికి బండి ఎక్కేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. ఎదురు రాకూడదని చిన్నమ్మ సాగనంపడానికి రాలేదు.

బండ్లు గుట్ట మలుపు తిరిగాక ఆమె చీపురు తీసుకుని వచ్చింది. రోలు చుట్టూ రాలిన పసుపు ఊడ్చడం మొదలుపెట్టింది. నేను అరుగు మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాను. ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను.

"చిన్నమ్మా" అన్నాను.

ఆమె చీపురు ఆపింది. తల ఎత్తలేదు. నా చిన్నప్పటినుంచి నన్ను రేయ్ అనీ, కొడకా అనీ తప్ప పిలవని మనిషి.

"అయివారూ, కాళ్లు తీయండి. ఊడ్సాల."

నేను కాళ్లు పైకి తీసుకున్నాను.