మూడో గదే ముందు

ఈ రోజు నాకు పాఠం చెప్పింది మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసే మరియమ్మ గారు!

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ప్రాసెసర్ల గురించి చెబుతాను. ప్రాసెసర్‌లో క్యాష్ అనే చిన్న మెమరీ ఉంటుంది. ఒక్క డేటా కోసం దాని నాలుగు అరలూ ఒకేసారి వెతికితే కరెంటు దండగ. పోయినసారి దొరికిన అరనే ముందు చూడాలి. నిన్న ఇదే చెబుతుంటే ఒకమ్మాయి, "అక్కడ లేకపోతే, మేడమ్?" అంది. చప్పున జవాబు తట్టక, "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అనేశాను.

ఈ రోజు బేరగాళ్లకు చూపించే మిర్చి శాంపిల్ కోసం నాన్నతో గుంటూరు కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. గది నంబరు రాసిన చీటీ ఆయన ఇంట్లో మర్చిపోయారు. మా మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో తెలియక, నాలుగు గదులూ తెరవమన్నాను.

"చలంతా బయటికి పోదూ? మొన్న మీకు శాంపిల్ మూడో గదిలోంచే తీశాం. ముందు అది చూద్దామమ్మా," అన్నారు మరియమ్మ గారు.

"అక్కడ లేకపోతే?"

"అప్పుడు మిగతావి తీద్దాం. ఎప్పుడో ఒకసారి తప్పుతామని రోజూ అన్నీ తెరుచుకుని కూర్చుంటామా?"

మూడో గదిలోనే ఉన్నాయి! ఆ చలిలోనే ఎగిరి గంతేశాను. మిర్చి రేటు పెరిగిందేమో అనుకున్నారు నాన్న.

రేపు క్లాసులో జవాబు చెబుతాను. అంతకంటే ముందు ఆ అమ్మాయికి సారీ చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో మీరే చెప్పండి, అది మాత్రం నిజంగానే సిలబస్‌లో లేదు.