బీరయ్యను ఇంటికి తిప్పమన్న రోజు

2024 ఎండాకాలం. అప్పటికే చాలా ఏళ్లుగా కొత్తకోట హైవే మీద అంబులెన్స్ నడుపుతున్నాను. ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు లెక్కల సారు, "నువ్వు జీవితంలో ముందుకు పోవురా" అన్నాడు. రోజూ గంటకు వంద స్పీడుతో పోతున్నా, సాయంత్రానికి మళ్లీ కొత్తకోటలోనే తేలుతున్నాను. సారు లెక్క తప్పలేదు.

ఆ రోజు ఫోను పక్క ఊరి నుంచి వచ్చింది. గొర్రెల కాపరి బీరయ్య పొద్దున మందను విప్పుతూ కూలిపోయాడట. నేను వెళ్లేసరికి అతని ఎడమ చెయ్యంతా ఎర్రగా ఉంది. పొట్టేలు పొడిచిందా అని అడిగాను. కాదు, అది పావురం నెత్తురు. మా దిక్కు పక్షవాతం వస్తే పావురాన్ని కోసి, ఆ వేడి నెత్తురు పడిపోయిన పక్కకు రుద్దుతారు. బీరయ్య తమ్ముడు చెన్నయ్య ఊళ్లు తిరిగి పావురాన్ని పట్టుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

పక్షవాతం, అంటే స్ట్రోక్, చాలావరకు మెదడుకు పోయే రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డం పడితేనే వస్తుంది. అది ఎంతసేపుంటే మెదడు అంత చచ్చిపోతుంది. శిక్షణలో సగం పాఠాలకు నిద్రపోయాను గానీ ఇది మాత్రం మెలకువగానే విన్నాను.

హైదరాబాద్ దవాఖానలో సీటీ స్కాన్ తీశారు. కుడివైపు మెదడు చాలా భాగం దెబ్బతిన్నదని డాక్టరమ్మ చెప్పింది. చెన్నయ్య నా దగ్గరికొచ్చాడు.

"బండి ఇంటికి తిప్పు అన్నా. పానం ఇంటికాడనే పోవాలె."

ఆ మాట విని నేను చాలాసార్లు బండి తిప్పాను. కొన్నేళ్ల కిందటైతే ఇలాంటి స్కాన్ చూసి డాక్టర్లే ఆశ వదులుకోమనేవారు. జేబులోంచి తాళంచెవి తీశాను.

డాక్టరమ్మ ఆగమంది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి గడ్డను లాగేస్తారట. దాన్ని థ్రాంబెక్టమీ అంటారు. ఇంత నష్టం జరిగినవాళ్లకు ఇదివరకు చేసేవారు కాదు, వాళ్లలోనూ కొందరికి మేలవుతుందని ఇప్పుడు తెలిసిందంది. మెదడులో నెత్తురు కారొచ్చు, ప్రాణమూ పోవచ్చు, బతికినా మునుపటిలా ఉండడని కూడా దాచకుండా చెప్పింది.

వెంట వచ్చిన బీరయ్య భార్య యాదమ్మ అడిగింది.

"లేసి కూసుంటడా అమ్మా? నన్ను గుర్తువడ్తడా?"

"మాట ఇవ్వలేనమ్మా. అవకాశం మాత్రం ఉంది."

"అయితే తియ్యుండ్రి." మరిది వైపు తిరిగి అంది, "పానం ఇంటికాడ పోవుడు గాదు, ఉండాలె."

గడ్డ బయటికి వచ్చింది. ఆ తర్వాత మెదడు వాచి బీరయ్య చాలా రోజులు భయపెట్టాడు. చివరికి అతన్ని కూర్చోబెట్టుకుని అదే బండిలో ఇంటికి తెచ్చాను. ఎడమ చెయ్యి లేవదు, ఒకరు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. ఆ డాక్టరమ్మకు, యాదమ్మకు మనసులో ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. చాలా దెబ్బతిన్నదంటే అంతా అయిపోయినట్టు కాదని వాళ్లిద్దరే నేర్పారు. ఇప్పుడు ఎవరైనా బండి తిప్పమంటే, గడ్డ తీసే డాక్టరును అడిగారా అంటాను. పావురం జోలికి పోవద్దని ఫోనులోనే చెప్తాను.

మొన్న ఆ దారిన పోతూ ఆగాను. బీరయ్య మంచం మీద కూర్చుని, గొర్రెలకు తుమ్మకాయలు తక్కువేసిందని ముద్దముద్ద మాటలతోనే భార్య మీద కేకలేస్తున్నాడు.

"పెద్దమ్మా, ఒక చెయ్యి పడిపోతే నిమ్మళంగ ఉంటడనుకున్న. గింత సతాయిస్తున్నడేంది?" అన్నాను.

యాదమ్మ తుమ్మకాయల గంప దించింది.

"సతాయిస్తడనే గద బిడ్డా తెచ్చుకున్నది."