ఎర్ర డబ్బా నూనె, పచ్చ డబ్బా నూనె

అరవైల చివర సాలూరులో ఇద్దరు డ్రైవర్లు కలిశారంటే మాట లోడు దగ్గర మొదలై ఇంజన్ ఆయిల్ దగ్గరికి చేరేది. ఏ కంపెనీ నూనె మంచిది? ఒకడు ఎర్ర డబ్బా అనేవాడు, ఇంకొకడు పచ్చ డబ్బా అనేవాడు. టీ చల్లారిపోయినా ఆ వాదన తెగేది కాదు. మా ఇంట్లో అయితే అన్నాల దగ్గర కూడా అదే గొడవ.

ఇల్లంటే మేం ముగ్గురమే. మా అప్ప, అంటే అక్క, బావ, పెళ్లి కాని నేను. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. మెట్టభూమిలో నా వాటా, అప్ప వాటా కలిపి అమ్మేసి ఒక పాత లారీ కొన్నాం. ఇక్కణ్ణుంచి ఉప్పు, కిరసనాయిలు కొరాపుట్టుకి, అక్కణ్ణుంచి చింతపండు, వలిసె నూనెగింజలు కిందికి. ఒక ట్రిప్పు బావ, ఒక ట్రిప్పు నేను నడిపేవాళ్లం. కొండెక్కే ఘాటీ రోడ్డు కాబట్టి రెండోవాడు పక్కన కూర్చునేవాడు.

బావ పదిహేనేళ్లుగా ఆ ఘాటీ ఎక్కి దిగుతున్న మనిషి. ఎర్ర డబ్బాలో వచ్చే నలభై నంబరు చిక్కటి నూనె తప్ప ఇంకోటి ఇంజన్లో పడనిచ్చేవాడు కాదు. "బంకలాగ ఉండాల నూనె. ఏలికి అంటుకుంటే వదలకూడదు. అప్పుడే ఇంజను నిలబడతాది" అనేవాడు.

నేను ఎస్సెల్సీ దాకా చదివాను. లారీతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అందులో ఏ కంపెనీ పేరూ లేదు. చలికాలంలో పల్చటి ముప్పై నంబరు నూనె పొయ్యమని, వేళకి మార్చమని, మట్టం రోజూ చూసుకోమని మాత్రం ఉంది. ఆ మాట బావకి చెబితే నవ్వాడు. "పుస్తకం ఎప్పుడైనా ఘాటీ ఎక్కినాదేటిరా?" అన్నాడు. అప్ప కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ ఏడు పుష్యమాసంలో బావ జ్వరంతో మంచం పట్టాడు. నూనె మార్చే వేళ కూడా అప్పుడే వచ్చింది. నేను బావకి చెప్పకుండా పచ్చ డబ్బాలో ముప్పై నంబరు తెచ్చి పోశాను. పొద్దున్నే చలిలో ఇంజను ఒక్క తిప్పుకే అందుకునేది. నాలుగు ట్రిప్పులు హాయిగా తిరిగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బావ లేచి లారీ స్టాండుకి వచ్చిన మొదటి రోజే బానెట్ ఎత్తాడు. ఇంజన్లో నూనె మట్టం చూసే ఇనప పుల్ల బయటికి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నూనె రుద్ది చూశాడు.

"ఏటిరా ఇది?"

"ముప్పై నంబరు బావా. ఇంజను బాగా నడస్తన్నాది."

"నన్నడిగినావా?"

నేను పుస్తకం మాట ఎత్తబోయాను. స్టాండులో ఉన్న డ్రైవర్లందరూ వినేలా బావ గొంతు పెంచాడు. "నాను సచ్చిపోనాననుకున్నావేటి? నాలుగు ఇంగిలీసు ముక్కలొచ్చినంతమాత్రాన డ్రైవరు అయిపోవురా. తీసీ ఆ నీళ్లు! ఇప్పుడే తీసీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంజను అడుగున నూనె దించే బోల్టు విప్పడానికి నేను లారీ కిందికి దూరాను. మంచి నూనె, ఇంకా బంగారు రంగు పోని నూనె, పళ్లెంలోకి ధారగా కారుతుంటే దానితో పాటు నా కళ్లూ కారాయి. పైనుంచి బావ ఇంకా తిడుతూనే ఉన్నాడు. నూనె కారడం ఆగాక బోల్టు మళ్లీ చేత్తో తిప్పి పెట్టాను. రెంచితో బిగించాలి. రెంచి లారీ ముందుచక్రం దగ్గర, బావ కాళ్ల పక్కన ఉంది. వెళ్లి తెచ్చుకోవాలంటే ఆ మొహం చూడాలి. తర్వాత బిగిద్దాంలే అనుకుని రెండోవైపు నుంచి బయటికి వచ్చేశాను. ఆ పని మరిచిపోయానని ఎన్నో ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు.

బావ ఎర్ర డబ్బాలు తెప్పించి తన చేత్తో పోశాడు. అన్నం తిని, ఉప్పు లోడుతో బయల్దేరాం. బావ నడుపుతున్నాడు. నేను పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

ఘాటీ సగం ఎక్కాక నా చూపు డాష్‌బోర్డు మీద పడింది. నూనె ఒత్తిడి చూపించే ముల్లు కిందికి జారుతోంది. బావ కళ్లు మలుపుల మీద ఉన్నాయి. ఒక్క మాట చాలు, "బావా, ముల్లు సూడు" అంటే చాలు. నేను అనలేదు. జారనీ, ఆయన బంక నూనె ఘనత ఆయనకే తెలుస్తుంది, అనుకున్నాను. అలా అనుకుంటూ ఇంకో రెండు మలుపులు కూర్చున్నాను. అప్పుడు నాకు సంతోషంగా కూడా ఉందని చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ.

ఇంజను కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమంది. తర్వాత ఒక్క కుదుపుతో బిగుసుకుపోయింది. లారీ వెనక్కి జారబోతుంటే బావ బ్రేకు మీద నిలబడ్డాడు. నేను దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాను. అప్పుడు చూశాను, మేం వచ్చిన దారి పొడుగునా నల్లటి గీత. లారీ కింద బోల్టు ఆఖరి మరలో వేలాడుతోంది. ఏం చేస్తున్నానో ఆలోచించను కూడా లేదు. పాక్కుంటూ వెళ్లి, కాలుతున్నా లెక్క చెయ్యకుండా దాన్ని వేళ్లతో లోపలికి తిప్పేశాను. రోడ్డు మీది గీత మీద కాలితో మట్టి తోశాను.

"ఒరే, నూనె ఉన్నాదా సూడు!" బావ స్టీరింగు దగ్గర్నుంచే అరిచాడు.

పుల్ల లాగాను. పొడిగా ఉంది.

"ఉన్నాది బావా" అన్నాను.

ఆయన నా మాట నమ్మాడు. దిగి వచ్చి కూడా పుల్ల చూడలేదు. రోడ్డు పక్క రాయి మీద కూలబడి, "నీ పల్సటి నూనె లోపల మిగిలిపోనాది. అదీ ఇదీ కలిసి ఇరిగిపోనాది" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకో లారీకి కట్టి విజయనగరం లాక్కెళ్లాం. అక్కడ ఇంజన్లు విప్పే ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. విప్పిన పూట బావ బయటికి వెళ్లాడు. మేస్త్రీ నన్ను పిలిచాడు. బేరింగులు కరిగి అంటుకుపోయి ఉన్నాయి.

"సుక్క నూనె నేదు బాబూ. బోల్టు ఎవులు బిగించినారు?"

ఆయన నా వేళ్ల మీది బొబ్బలు చూశాడు.

"మా బావకి సెప్పకండి" అన్నాను.

బావ తిరిగొచ్చి తిన్నగా ఆయన ముందు నిలబడ్డాడు. "మేస్త్రీ, నువ్వు సెప్పు. ఎర్ర డబ్బా మంచిదా, పచ్చ డబ్బా మంచిదా? ఏ నూనె సేసినాది ఈ పని?"

మేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఏ నూనైనా ఒకటే బాబూ. ఉండాల్సినంత ఉంటే సాలు" అన్నాడు. అని నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆయన కూడా పచ్చ డబ్బా పక్షమే కాబోలని బావ అనుకున్నాడు.

లారీ బాగు చేయించే శక్తి మాకు లేదు. ఉన్నదున్నట్టు అమ్మేశాం. నలభై ఏళ్లు దాటిన బావ ఇంకొకరి లారీ మీద జీతానికి కుదిరాడు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి, ఆ యజమాని ఏ నూనె పోస్తే అది పొయ్యాలి. నేను విజయనగరంలో లారీ సామాన్ల కొట్లో గుమాస్తాగా చేరాను. రకరకాల కంపెనీల వాళ్లు రంగురంగుల క్యాలెండర్లు పట్టుకొచ్చి, తమ నూనెని మించింది లేదని చెప్పేవాళ్లు. కొనేవాళ్లు నన్నే అడిగేవాళ్లు ఏది మంచిదని. నంబరు చూసుకోండి, వేళకి మార్చండి, రోజూ పుల్ల లాగి చూడండి అనేవాణ్ణి. ఎవరికీ ఆ జవాబు నచ్చేది కాదు. పేరు కావాలి వాళ్లకి. ఒక డబ్బా చేతికిస్తే తృప్తిగా వెళ్లిపోయేవాళ్లు.

బావ చివరిదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. లారీని నా నూనె తినేసిందని నలుగురిలో అనేవాడు. ఆ నింద నాకు సుఖంగానే ఉండేది. నిజం కంటే అది చాలా చిన్నది.

ఆయన పోయిన ఏడాదికి నేను అప్ప దగ్గర కూర్చుని బోల్టు సంగతి, ముల్లు సంగతి, పొడి పుల్ల సంగతి మొత్తం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, లేదా కొడుతుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది, అంతే.

"ఆయన బతికున్నన్నాళ్లూ నోరు రానేదేటి నీకు?" అంది. చేట పక్కకి పెట్టి, "నీ బరువు దించుకోడానికి ఇప్పుడు నానే దొరికినానా?" అంది.

అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ గుమ్మంలో నిలబడి వీధిలోకి చూసింది. మళ్లీ ఎప్పుడు వస్తావని మాత్రం అడగలేదు.