మగ్గం పక్కన పాలపళ్ళు

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసే రహీమా ఏడో ఏటనే మగ్గం ముందు కూర్చుంది. 1934 నాటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి జహీరాకు నాలుగేళ్ళు. ముందు పళ్ళు నల్లబడి, చిగుళ్ళ దాకా విరిగిపోయాయి. పెదవి వాచిన రోజుల్లో గంజి తప్ప ఏదీ మింగలేకపోయేది.

మగ్గాల దగ్గర పసిపిల్లల తల్లులందరూ చేసేదే రహీమా చేసింది. పల్చటి గుడ్డలో బెల్లం ముక్క మూటగట్టి, తడిపి, ఊయలలో బిడ్డ నోట పెట్టేది. చీకుతూ చీకుతూ బిడ్డ నిద్రపోయేది. తివాచీ పనిలో ఒకరు రంగులు చెబుతారు. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళు విని ఊలు ముడులు వేస్తారు. ఏడుపులో ఒక్క రంగు వినబడకపోయినా పువ్వు వంకరపోతుంది. ఆ ముడుల వరసంతా విప్పాలి. ఆ రంగులు చెప్పే మనిషి జిలానీ, అదే బల్ల మీద నేసే రహీమా భర్త రహమాన్‌కు మేనమామ. ముసలాయన నోట్లో ఒక్క పన్ను లేదు.

ఆ వేసవిలో జహీరా పెదవి మళ్ళీ వాచింది. రహీమా పిల్లలిద్దరినీ మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సు లిడియా పెద్దదానికి మందు రాసి, ఏడాది నిండిన ఖాదర్ పై పెదవి కూడా ఎత్తి చూసింది.

"ఇటు చూడండి. చిగుళ్ళ అంచున పళ్ళ మీద సున్నం గీతలా తెల్లగా లేదూ? పుచ్చడం ఇలాగే మొదలవుతుందండీ."

రహీమా వంగి బిడ్డ నోట్లోకి చూసింది. "పాలపళ్ళే కదండీ, ఎలాగూ ఊడేవేగా?"

"ఊడేదాకా తినొద్దా అండీ? ఆ బెల్లం మూట మానెయ్యండి. నోట్లో తీపితో నిద్రపోనివ్వకండి. పడుకోబెట్టే ముందు తడిగుడ్డతో పళ్ళు తుడవండి. ఇప్పుడైతే పుచ్చడం ఆగొచ్చు."

ఆ "ఆగొచ్చు" అన్న మాట రహీమాను కుదురుగా ఉండనివ్వలేదు. వంట మధ్యలో లేచి వచ్చి మరీ బిడ్డ పెదవి ఎత్తి చూసేది. మగ్గం దగ్గర ఉత్త నీళ్ళ గుడ్డ పెడితే ఖాదర్ ఉమ్మేసి గుక్కపట్టేవాడు. మర్నాడే ఒక వరస విప్పాల్సి వచ్చింది. బిడ్డను ఊరుకోబెట్టకపోతే ఆమె ఇంటి దగ్గరే ఉండవచ్చని మగ్గాల యజమాని షావుకారు కబురు చేశాడు.

ఆ తరువాతి రోజు ఖాదర్ ఏడవలేదు. రహీమా సంతోషించింది. కాసేపటికి ఊయల తాడు మీద చీమల బారు కనిపించింది. బిడ్డ నోట్లోని గుడ్డ లాగి నాలుకకు తాకించి చూసింది. తియ్యగా ఉంది.

"ఎవరు పెట్టారిది?"

జిలానీ రంగులు ఆపాడు. "నేనేనమ్మాయ్. నిన్ను పనిలోంచి తీసేస్తే ఏం తింటావు?"

"వీడి నోరూ మీ నోరులా అవ్వాలా మామూ?"

బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన ముఖం ఎర్రబడింది. "నా నోటికేం? రంగులు చెప్పడం లేదూ?"

"గంజి తాగి చెబుతున్నారు. ఈ వయసులో మీకు తప్పదు. జహీరాకు నాలుగేళ్ళకే వచ్చింది ఆ గంజి. వీడికీ పొయ్యమంటారా?"

ఆమె బిడ్డ పళ్ళు తడిగుడ్డతో తుడిచి, ఊయలలో పడుకోబెట్టి తన చోట కూర్చుంది. ఖాదర్ పెద్దగా ఏడవసాగాడు. షావుకారు మనిషి ఏ క్షణాన వస్తాడోనని ఆమె గుమ్మం వైపు చూస్తోంది.

"రెండు ఎరుపు, ఒకటి నీలం," అన్నాడు జిలానీ గొంతు పెంచి.

ఏడుపులో చివరిదాకా వినబడదని, ఆయన పక్కన కూర్చున్న రహమాన్ అదే మాట తన పక్కవాడికి అందించాడు. అతను ఆ పక్కవాడికి. అలా చివరికి రహీమా దాకా వచ్చింది. ఆమె రెండు ఎరుపు వేసి, నీలం ఊలు అందుకుంది. పని నెమ్మదిగానే సాగింది. అయినా ఆ పూట ఒక్క వరసా విప్పాల్సి రాలేదు.