మేమంతా పుట్టిన రోజు

డెబ్బైల్లో, పాడేరు అవతలి కొండల్లో ఉన్న మా ఆశ్రమ పాఠశాలలో పిల్లలందరం ఒకే తారీకున పుట్టాం. బడి లెక్కలో అంతే. మా అమ్మను అడిగితే, "చోళ్ల చేను కోత్తన్నప్పుడు పుట్టినావే" అనేది. నా పక్కన కూర్చునే పిల్ల గెడ్డకు వరదొచ్చిన నాడు పుట్టిందట. ఇవేవీ తారీకులు కావని, మైదాన ప్రాంతం నుంచి వచ్చిన మా మాస్టారు అందరికీ వానాకాలంలో ఒకే తారీకు వేసేశారు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. రోజూ పొద్దున్నే నల్లబల్ల మీద చరిత్రలో ఆ తారీకున జరిగిన గొప్ప సంగతులు, పుట్టిన గొప్పవాళ్ల పేర్లు రాసేవారు. మేం గొంతు చించుకుని చదవాలి.

మా తారీకు రానే వచ్చింది. బల్ల మీద చూస్తే ఎవరో తెల్లదొర పేరొక్కటే ఉంది. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"మేమూ ఈయేళే పుట్టినాం కదా మాస్టారూ. మా పేర్లు రాయరేటి?"

ఆయన నవ్వారు. "నిజంగా ఈ రోజే పుట్టారేటే గుంటా?"

"తమరే కదా రాసినారు. అబద్దం రాసినారేటి?"

మాస్టారు సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఒకరి తర్వాత ఒకరం వెళ్లి బల్ల నిండా మా పేర్లు రాసుకున్నాం. కప్పు మీది రేకులు అదిరేలా చదివాం. దొర పేరు మాత్రం చెరపలేదు. ఎంతైనా మాతోపాటు పుట్టినవాడు కదా.